ఏడు గంటల ఆరు నిమిషాల ఓటు

ఉర్మస్ లిల్లెమా బోర్లా పడి ఉన్నాడు.

తల వెనక భాగం పగిలింది. పక్కనే పాతకాలపు ఓటు పెట్టె. కొయ్యది. దాని ఇనుప మూలకి రక్తం, నాలుగు నెరిసిన వెంట్రుకలు. ఒకప్పుడు ఓటు ఇలా వేసేవాళ్ళని క్లాసులో చూపించడానికి ఆ పెట్టెని ఆయనే అటక మీంచి దింపించుకున్నాడు.

కోల్గాయార్వె ఊరి గ్రంథాలయం, పై అంతస్తు. నవంబరు నెల, శుక్రవారం, రాత్రి ఎనిమిది.

వాచ్‌మన్ తాళం తీసి లోపలికి అడుగు పెట్టి కేక పెట్టాడు. కింద కౌంటర్లో ఉన్న లైబ్రేరియన్ మార్యె పరుగున వచ్చింది. పోలీసులకి ఫోన్ చేయమని వాచ్‌మన్‌ని కిందికి తరిమింది. వాళ్ళు వచ్చేదాకా ఆమె శవం దగ్గరే నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ ఐలి కూసిక్ జిల్లా కేంద్రం నుంచి వచ్చింది. పొట్టి మనిషి. ముక్కు మీద కోపం. బూట్లకి అంటిన మంచు బురదని గుమ్మం దగ్గర విసురుగా దులిపి లోపలికి నడిచింది.

"ఇంత చలేంటి ఇక్కడ?"

"కిటికీ తెరిచుంది మేడమ్," అన్నాడు సార్జంట్ తార్మో. "అందుకే డాక్టర్ టైమ్ గట్టిగా చెప్పలేకపోతున్నాడు. ఆరుకీ ఎనిమిదికీ మధ్య అంటున్నాడు."

టేబుల్ మీద కంప్యూటర్ వెలుగుతోంది. కార్డు రీడర్‌లో ఉర్మస్ గుర్తింపు కార్డు. ఆయన జేబుల్లో తాళంచెవులు, కళ్ళద్దాల పెట్టె, దగ్గు బిళ్ళలు. అంతే.

తలుపు దగ్గర ఒక కుర్రాడు గోడకి జారగిలబడి ఉన్నాడు. ఉర్మస్ మేనల్లుడు సీమ్. ఈ క్లాసు కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే.

"ఏం క్లాసిది?" అడిగింది ఐలి.

"ఊరివాళ్ళకి మేడమ్. ఓటింగ్ సిస్టమ్, ఫిర్యాదుల సైటు, ఇలాంటివి ఎలా పనిచేస్తాయో నేర్పుతాం. పుస్తకాలుండవు. విప్పి చూడాలి, మళ్ళీ బిగించాలి. మావయ్య పద్ధతి అది."

"ఇవాళ ఏం జరిగింది?"

"ట్రయల్ ఓటింగ్. వచ్చే నెల నిజం ఓటింగ్ ఉంది. చెరువు దగ్గర పడవల రేవు కట్టాలా, పిల్లల ఆటస్థలం కట్టాలా అని. దానికిది రిహార్సల్. క్లాసువాళ్ళు ఎవరింట్లోంచి వాళ్ళు వేస్తారు. సరిగ్గా ఏడింటికి తెరిచాను."

"మీ మావయ్య వేశాడా?"

"ఏడూ ఆరు నిమిషాలకి వేశాడు. వేసి సరిచూసుకున్నాడు కూడా. రెండు టిక్కులూ పడ్డాయి."

"ఈ కంప్యూటర్ నుంచేనా?"

"అది నమోదు చెయ్యం మేడమ్. ఎవరు ఎక్కణ్ణించి వేశారో సిస్టమ్‌కి తెలియకూడదని మావయ్య రూలు. కార్డు ఎవరిదో, ఎప్పుడో, అంతవరకే."

అంటే ఏడూ ఆరుకి మనిషి బతికే ఉన్నాడు. తార్మో రాసుకున్నాడు.

ఆ సాయంత్రం భవనంలో ఉన్నవాళ్ళు కొద్దిమందే. సీమ్ కింద సర్వర్ గదిలో ఒంటరిగా ఉన్నాడు. డిప్యూటీ మేయర్ టోయివో న్యూస్‌పేపర్లు చదివే గదిలో ఉన్నాడు, అతన్నీ ఎవరూ చూడలేదు. పడవల రేవు అతని ముచ్చట. దాని గురించి ఉర్మస్‌తో బహిరంగంగానే తగువు. మార్యె కౌంటర్లో ఉంది. ఆమె ఎదుట బల్ల చుట్టూ శుక్రవారం అల్లికల ముసలమ్మలు కూర్చుంటారు. ఆరూ ముప్పావు నుంచి ఆ పిల్ల కుర్చీలోంచి కదల్లేదని నలుగురూ ఒక్క మాటగా చెప్పారు. వాళ్ళ కళ్ళు సూదులకంటే వాడి.

ఇక బయటి నుంచి వచ్చిన మనిషి ఒకడు. ఏడుంపావుకి మెట్లెక్కాడు. పైన తలుపు బాదాడు. భవనం దద్దరిల్లేలా తిట్టాడు. ఐదు నిమిషాల్లో దిగి వెళ్ళిపోయాడు.

ఎండెల్ పిహ్లక్. డెబ్బై ఆరేళ్ళు.

ఆ పేరు వినగానే గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

*

మూడేళ్ళ కిందట ఉర్మస్ ఊరికో ఫిర్యాదుల సైటు కట్టాడు. పేరు చెప్పకుండా ఎవరైనా ఏదైనా రాయొచ్చు. చూసినవాళ్ళు "నేనూ చూశాను" అని నొక్కొచ్చు. జనం చేతికి అధికారం వచ్చేసిందని అందరూ మురిసిపోయారు. రాజధానిలో దానికి బహుమతి కూడా ఇచ్చారు.

స్కూలు బస్సు డ్రైవర్ ఆర్వి పిహ్లక్ తాగి బండి నడుపుతున్నాడని ఎవరో రాశారు. తెల్లారేసరికి రెండువందల మంది "నేనూ చూశాను" అన్నారు. ఆ బస్సులో పట్టేది ముప్ఫై మంది పిల్లలు. మిగతావాళ్ళు ఎక్కడ నిలబడి చూశారని అడిగిన నాథుడు లేడు. ఉద్యోగం పోయింది. పిల్లల తల్లులు వీధిలో మొహం తిప్పుకున్నారు. డిసెంబరులో ఒకనాడు ఆర్వి, ఇంకా గట్టిపడని చెరువు మంచు మీదకి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వసంతంలో గానీ దొరకలేదు.

ఆ పేజీ మాత్రం ఇంకా ఉంది. ఆర్వి పేరు కొట్టి చూస్తే ముందు వచ్చేది అదే. ఊరు చూసి ఊరుకుంది.

తండ్రి ఎండెల్ ఊరుకోలేదు. నీ చేత్తోనే ఆ పేజీ తీస్తావు, లేకపోతే ఆ చెయ్యి నీకుండదని సంతలో పదిమంది ఎదుట ఉర్మస్‌ని హెచ్చరించాడు.

శనివారం పొద్దున స్టేషన్లో ఎండెల్ నల్ల రొట్టె ముక్కని కాఫీలో ముంచుకుని తింటున్నాడు. పెళ్ళివారింటికి వచ్చినంత తీరిగ్గా ఉన్నాడు.

"మీరు చంపారా?" అడిగింది ఐలి.

"లేదమ్మాయీ. అదే నా ఏడుపు. ఎవరో నాకంటే ముందు చేరారు."

"పైకి ఎందుకెళ్ళారు?"

"వారం వారం ఎందుకెళ్తానో అందుకే. పేజీ తీసెయ్యమని అడుగుతాను. నీ సంతకం లేకుండా పోదట కదయ్యా, ఒక్క సంతకం పెట్టమంటాను. అతను నవ్వుతాడు. అది ప్రజల రికార్డు ఎండెల్ గారూ, చెరపకూడదు అంటాడు. నా కొడుకు ప్రజ కాదా?"

"నిన్న ఏమన్నాడు?"

"తలుపే తీయలేదు. లోపల నక్కాడనుకుని నాలుగు తిట్టి వచ్చేశాను."

"సోమవారం మీ మీద హత్య కేసు పెడతారు. ప్రాసిక్యూటర్ తొందరపడుతున్నాడు."

ముసలాయన రొట్టె పక్కన పెట్టాడు. కళ్ళలో ఏదో వెలిగింది.

"కోర్టులో నన్ను మాట్లాడనిస్తారా? ఆ పేజీ సంగతీ, నా కొడుకు సంగతీ, పేపర్లవాళ్ళ ముందు?"

"మాట్లాడనిస్తారు."

"అయితే రాసుకో. నేనే చంపాను."

ఐలికి ఒళ్ళు మండింది. పెన్ను టేబుల్ మీద విసిరికొట్టింది.

"చెయ్యని పనికి సంతకం పెట్టించుకునే అలవాటు నాకు లేదు, తాతయ్యా. రొట్టె తినండి."

*

ఉర్మస్ భార్య ఎహా ఇంట్లో వంటగది వెచ్చగా ఉంది. ఆమె కాఫీ పోసింది.

"ఈ దేశంలో ఉరి లేదా?"

"లేదండి."

"అయితే ఆ ముసలాణ్ణి చెరువులోకి తొయ్యండి. కొడుకు పక్కన పడుంటాడు."

"ఆయన చంపాడని ఇంకా తేలలేదు."

"తేలేదాకా నేను ఆగలేను. నా మొగుడు ఈ ఊరికి ఎంత చేశాడు? ఓటెలా వెయ్యాలో, అధికారుల్ని ఎలా నిలదియ్యాలో ముసలీ ముతకా అందరికీ కూర్చోబెట్టి నేర్పాడు. వీళ్ళు ఆయన తల పగలగొట్టారు."

ఐలి కాఫీ కప్పు అందుకోబోయి ఆగింది. కిటికీ పక్కన ఒక ఫోను ఛార్జింగ్‌లో ఉంది.

"ఇదెవరిది?"

"ఆయనదే. నిన్న మధ్యాహ్నం అన్నం తిని వెళ్తూ మర్చిపోయాడు. తెచ్చివ్వనా అని లైబ్రరీకి ఫోన్ చేశాను. వద్దులే, రాత్రికి వస్తాగా అన్నాడు."

"ఇంకో ఫోనుందా ఆయనకి?"

"ఒకటే. ఏం?"

ఐలి లేచి నిలబడింది. కాఫీ తాగనేలేదు.

కారులోంచి సీమ్‌కి ఫోన్ చేసింది.

"సరిచూసుకోవడం అన్నావే నిన్న. అదెలా చేస్తారు?"

"ఓటు పడ్డాక స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్ వస్తుంది మేడమ్. ఫోన్‌తో స్కాన్ చేస్తే మనం వేసిన ఓటు వేసినట్టే చేరిందో లేదో చూపిస్తుంది. మావయ్యకి అది పిచ్చి. సరిచూడని ఓటు వెయ్యని ఓటుతో సమానం అనేవాడు. స్కాన్ చెయ్యకుండా లేస్తే భుజం పట్టి కూర్చోబెట్టేవాడు."

"ఫోన్ లేకుండా కుదురుతుందా?"

"కుదరదు."

"ఏ ఫోనైనా సరేనా?"

"సరే. ఎందుకు మేడమ్?"

"సాయంత్రం నాలుగింటికి పై గదికి రా. మిగతావాళ్ళనీ పిలుస్తున్నాను."

*

నాలుగింటికే బయట చీకటి పడింది. గదిలో రక్తం కడిగేశారు. గోడవారగా నాలుగు కంప్యూటర్లు, నాలుగు కార్డు రీడర్లు. టోయివో, సీమ్, మార్యె వరసగా కూర్చున్నారు. చివర ఎండెల్. అతని వెనక తార్మో.

"ఇదేం తమాషా ఇన్‌స్పెక్టర్ గారూ?" అన్నాడు టోయివో. "చంపినవాడు మీ చేతిలోనే ఉన్నాడుగా."

"పావుగంటలో తేలుస్తాను. ఇవి మీ క్లాసు నమూనా కార్డులు. పిన్ కార్డు మీదే ఉంది. ఏడూ ఆరుకి ఓటు వేసిన మనిషికి ఎంతసేపు పట్టి ఉంటుందో నాకు తెలియాలి. రేవుకో, ఆటస్థలానికో, దేనికో ఒకదానికి ఓటెయ్యండి. అంతే."

టోయివో గొణుక్కుంటూ రేవుకి వేశాడు. వేసి వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాడు.

సీమ్ చకచకా వేసి కార్డు లాగేశాడు. స్క్రీన్ మూసేశాడు.

ఎండెల్ కార్డు ముట్టుకోలేదు. "నాకిది రాదు. వచ్చినా ఆయన సిస్టమ్‌లో వెయ్యను."

మార్యె నిదానంగా వేసింది. పిన్ కొట్టింది. స్క్రీన్ మీద నలుపూ తెలుపూ గళ్ళ చతురస్రం వచ్చింది. ఆమె కుడి చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. ఫోను తీసి స్క్రీన్‌కి ఎదురుగా పట్టుకుంది.

"ఏం చేస్తున్నావు?" అడిగింది ఐలి.

"సరిచూస్తున్నాను."

"నేను ఓటు వెయ్యమన్నాను. సరిచూడమనలేదు."

మార్యె చెయ్యి గాలిలోనే ఆగింది.

"తార్మో, ఆ ఫోను తీసుకో."

తార్మో ఫోను అందుకున్నాడు. ఆమె పట్టు వదలడానికి కొంచెంసేపు పట్టింది.

"నిన్న రాత్రి సీమ్ ఒక మాటన్నాడు," అంది ఐలి. "ఓటేశాడు, సరిచూసుకున్నాడు కూడా అన్నాడు. అందరం విన్నాం, నాతో సహా. బతికున్నాడనడానికి అది ఇంకో సాక్ష్యమనుకున్నాం. కానీ ఉర్మస్ ఫోను మధ్యాహ్నం నుంచీ వంటింట్లో ఉంది. ఆ కోడ్‌ని స్కాన్ చేసింది ఇంకొకరి ఫోను. ఓటేసిందీ ఇంకొకరి చెయ్యే. అప్పటికి ఆయన పోయి చాలాసేపైంది."

టోయివో కట్టుకున్న చేతులు విప్పి ముందుకి వంగాడు.

"ఏడు తర్వాత కూడా ఆయన బతికున్నట్టు కనిపించాలి. అది ఎవరికి లాభం? ఏడు తర్వాత పదిమంది కళ్ళ ముందు కూర్చున్నవాళ్ళకి. టోయివో గారిని ఎవరూ చూడలేదు. సీమ్‌నీ చూడలేదు. మార్యెని నలుగురు చూశారు. ఆరున్నరకి నువ్వు పైకొచ్చావు మార్యె. కొట్టావు. కిటికీ తెరిచావు. కార్డు తీసుకున్నావు. నీ తాళంచెవితో తలుపు మూసి ఆరూ ముప్పావుకి కౌంటర్లో కూర్చున్నావు. మీ కౌంటర్లో కార్డు రీడర్ ఉంటుంది, పుస్తకాలిచ్చేది దానితోనే. ముసలమ్మల ఎదురుగానే ఓటేశావు. ఎనిమిదింటికి వాచ్‌మన్‌ని కిందికి పంపి కార్డు మళ్ళీ ఇక్కడ గుచ్చావు. పిన్ ఎలా తెలిసింది?"

"మూడు నెలలు క్లాసులో ఆయన పక్కనే కూర్చున్నాను," అంది మార్యె. గొంతు ప్రశాంతంగా ఉంది. "ఐదంకెలు. వేళ్ళు చూస్తే చాలు."

"ఆ ఒక్క స్కాను చెయ్యకపోయుంటే నువ్వు నాకు దొరికేదానివి కాదు."

"తెలుసు. చేసేదాకా చేస్తున్నానని నాకే తెలియలేదు." ఆమె చిన్నగా నవ్వింది. "భలే నేర్పాడు."

"ఎందుకు చంపావు?"

మార్యె ఐలిని చూడలేదు. చివరి కుర్చీ వైపు తిరిగింది.

"మామయ్యా, నేనెవరో మీకు తెలియదు. ఆర్వి, నేనూ పెళ్ళి చేసుకుందామనుకున్నాం. జూన్‌లో పండగ మంటల దగ్గర మీకు చెబుదామన్నాడు. జూన్ దాకా వాడు లేడు."

ఎండెల్ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఈ క్లాసులో ఎందుకు చేరానో తెలుసా? ఆ సైటు లోపల ఏముందో చూడాలని. నాకు కంప్యూటర్ అంటే పుస్తకాలిచ్చే పెట్టె, అంతే. ఆయనే నేర్పాడు. లోపల ఎలా చూడాలో, అసలు నొక్కులేవో దొంగ నొక్కులేవో ఎలా పట్టుకోవాలో. పోయిన నెల క్లాసులో అదే పని ఇచ్చాడు. నేను ఆర్వి పేజీ విప్పాను. రెండువందల నొక్కులూ ఒక్క కంప్యూటర్ నుంచి వచ్చాయి. ఒక్క రాత్రి. ఎవడో వెధవ సరదాకి కూర్చుని నొక్కాడు."

"ఎవరు?" అన్నాడు సీమ్.

"నాకనవసరం. ఆ పక్కనే ఇంకో గుర్తుంది. ఇవి దొంగవని మీ మావయ్య పెట్టుకున్న గుర్తు. మొదటి వారంలోనే పెట్టాడు సీమ్. అప్పటికి ఆర్వి బతికే ఉన్నాడు. కానీ బయటపెడితే రావాల్సిన బహుమతి పోతుందిగా. నిన్న కాఫీ పట్టుకుని వచ్చి అడిగాను. తప్పని పదిమందిలో చెప్పండి, మీ సంతకంతో పేజీ తియ్యండి అన్నాను. ఓటింగ్ అయ్యాక చూద్దాం మార్యె, ఇప్పుడు జనానికి సిస్టమ్ మీద నమ్మకం పోతుంది అన్నాడు. అని అటు తిరిగి పని చేసుకున్నాడు."

ఆమె పెట్టె ఉండిన చోటు వైపు చూసింది.

"నాకు పశ్చాత్తాపం లేదు. మళ్ళీ అటు తిరిగితే మళ్ళీ కొడతాను. మీ మీదకి వస్తుందనుకోలేదు మామయ్యా. రేపోమాపో మిమ్మల్ని వదిలేస్తారనుకున్నాను."

ఎండెల్ లేచాడు. తార్మో ఆపబోతే ఐలి వద్దని సైగ చేసింది. ముసలాయన వరస పొడుగునా నడిచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ముఖంలో మాత్రం పండగ.

"నా చేత కానిది నువ్వు చేశావు తల్లీ," అన్నాడు. "నా కోడలివి."

టోయివో తల దించుకున్నాడు.

ఐలి వాళ్ళిద్దరినీ చూసింది. ఆవిడకి జాలి వేసింది. దాంతోపాటు కోపం కూడా వచ్చింది. ఆ కోపాన్ని ఆవిడ దాచుకోలేదు.

"సీమ్, ఆ పేజీ తియ్యాలంటే ఏం కావాలి?"

"మావయ్య కార్డు, పిన్. ఒక సంతకం."

"కింద కౌంటర్ నుంచి తియ్యొచ్చా?"

"ఎక్కణ్ణించైనా తియ్యొచ్చు మేడమ్. నిమిషం పట్టదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కుదరదు. చనిపోయారని నమోదు కాగానే కార్డు పనిచెయ్యదు. అత్తయ్య ఇవాళ పొద్దున నమోదు చేయించింది. ఇక కోర్టుకెళ్ళాలి. ఏడాదో, రెండేళ్ళో."

ఐలి మార్యె వైపు తిరిగింది.

"నిన్న గంటసేపు ఆ కార్డు నీ చేతిలో ఉంది. పిన్ తెలుసు. కంప్యూటర్ ముందే కూర్చున్నావు. నువ్వు ఓటు వేశావు."

మార్యె చూపు కార్డు రీడర్ మీదకి వెళ్ళింది.

ఎండెల్ చెయ్యి ఆమె భుజం మీంచి మెల్లగా జారింది.

"నిజమేనా?" అన్నాడు.

"నాకు తట్టలేదు మామయ్యా. ఎలా బయటపడాలా అనే... అదొక్కటే..."

"నా దగ్గర ఆ కార్డు ఒక్క నిమిషం ఉండి ఉంటే," అన్నాడు ముసలాయన. మిగతా మాట పూర్తి చెయ్యలేదు. కుర్చీ మీంచి టోపీ తీసుకున్నాడు. "నాకు డెబ్బై ఆరమ్మా. వాడి పేరు నీ చేతిలో పెట్టుకుని కూర్చుని, నువ్వు నిన్ను చూసుకున్నావు. ఇక నన్నలా పిలవకు."

ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

తార్మో బేడీలు తీశాడు. మార్యె రెండు చేతులూ వెనక్కి లాక్కుంది.

"మేడమ్. కార్డు మీ దగ్గరే ఉందిగా. ఒక్కసారి పెట్టి చూడండి. పిన్ నేను చెప్తాను. పనిచేస్తుందేమో."

"చెయ్యదు. విన్నావుగా."

"ఒక్కసారి."

చెయ్యకూడని పనే. ఐలి సంచీలోంచి కవరు తీసింది. కార్డు రీడర్‌లో పెట్టింది. మార్యె ఐదంకెలూ చెప్పింది. ఐలి ఒక్కొక్కటే కొట్టింది.

కార్డు చెల్లదని వచ్చింది.

"ఇంకోసారి మేడమ్," అంది మార్యె.